తేట నీళ్ల లెక్క: వరంగల్ నుంచి విశాఖకు స్నార్కెలింగ్‌కు పోయేముందు

చెరువు మత్తడి దుంకే రోజుల్లో పాకాలకో లక్నవరానికో పోయి నీళ్లలో చెయ్యి ముంచి చూడండి. మోచేయి మునిగేసరికి వేళ్లు కనబడవు. అదే చెరువు పుష్యమాసానికి కట్ట పక్కన అడుగు రాళ్లు కనబడేంత తేటపడుతుంది. చెరువు అదే, కట్ట అదే, మారింది కాలం. ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన మనమే విశాఖపట్నం బయల్దేరేటప్పుడు మాత్రం "స్నార్కెలింగ్‌కు ఏ బీచ్ మంచిది?" అని మొదలుపెడతాం. బీచ్ పేరు తర్వాతి సంగతి. ఏ నెల, ఏ తిథి, పొద్దున ఎన్ని గంటలకు అన్నవి ముందు తేలాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్నార్కెలింగ్, స్కూబా రెండూ ఒకటే అన్నట్టు చాలా ప్రకటనలు కలిపి రాస్తాయి. స్కూబాలో వీపున గాలి సిలిండర్ ఉంటుంది, మనిషి రాయి దగ్గరికే దిగిపోతాడు. స్నార్కెలింగ్‌లో సిలిండర్ ఉండదు. ముఖానికి అద్దం (మాస్కు), నోట్లో గొట్టం, కాళ్లకు బాతు పాదాల్లాంటి ఫిన్స్ పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ కిందికి చూడటమే. నీళ్లలో చూపు 3 మీటర్లే ఆనుతున్న రోజున 6 మీటర్ల లోతులో రాయి ఉందనుకోండి. స్కూబా మనిషి ఆ రాయి పక్కకు పోయి చేపలన్నీ చూసి వస్తాడు. పైన తేలే మనిషికి పచ్చటి మసక తప్ప ఏమీ కనబడదు. అందుకే స్కూబావాళ్లు మెచ్చుకున్న ప్రతి చోటూ స్నార్కెలింగ్‌కు పనికిరాదు. ఈ వ్యవహారం మొత్తానికి సూత్రం ఒకటే: చూపు ఆనే దూరం రాయి పైభాగం ఉన్న లోతు కన్నా ఎక్కువ ఉండాలి. చూపు 3 మీటర్లుంటే రాయి 2 మీటర్ల లోపు ఉండాలి.

ఆ చూపును కొలవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. తెల్లటి పళ్లేనికి తాడు కట్టి, మీటరుకొక ముడి వేసి, బరువుకు ఒక రాయి జోడించి పడవ మీద నుంచి నీడ పక్కన దించండి. పళ్లెం కనుమరుగైన చోట ముడులు లెక్కపెడితే ఆనాటి చూపు ఎంతో తేలిపోతుంది. విశాఖ తీరంలో మంచి రోజున 5 నుంచి 8 మీటర్లు, మామూలు రోజున 2, 3 మీటర్లు అనుకుని పోతే నిరాశ ఉండదు.

నీళ్లు ఎందుకు మసకబారతాయి

బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ కలుస్తాయి. వానాకాలం ముగిశాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తూర్పు తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. పై నదులు తెచ్చిన ఉప్పు తక్కువ నీళ్లు, వాటితోపాటు ఒండ్రు, తీరాన్ని ఆనుకుని కిందికి దిగుతాయి. తుపాన్లకు కూడా అదే అదను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది ఆ నెలల్లోనే. దసరా సెలవులకు స్నార్కెలింగ్ అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి నాటికి ప్రవాహం తిరగబడి దక్షిణం నుంచి ఉత్తరానికి నడవడం మొదలవుతుంది. వానలు ఉండవు, గాలి మందగిస్తుంది, నీళ్లు తేటపడతాయి. ఇది ఎంతోకాలం నిలవదు. మార్చి సగం దాటాక నైరుతి గాలి ఊపందుకుని తీరం దగ్గరి పై నీటిని లోపలికి నెడుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. వాటిలో ఎరువులాంటి లవణాలు దండిగా ఉంటాయి కాబట్టి కంటికి ఆనని నాచు విపరీతంగా పెరిగి సముద్రం పచ్చబడుతుంది. మనం పొలానికి యూరియా చల్లితే పక్క కుంట పచ్చబడినట్టే. చేపలకు అది పండుగ, చూడటానికి వచ్చినవాడికి తెర. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలే నీళ్లలోకి అడుగు పెట్టనివ్వవు.

అన్నీ కలిపి చూస్తే విశాఖలో నమ్మదగిన కాలం జనవరి రెండో వారం నుంచి మార్చి సగం దాకా, రెండు నెలల చిల్లర. వేసవి సెలవులు ఖాళీగా ఉన్నాయి కదా అని మేలో పోవడం వృథా ఖర్చు. మేడారం జాతర ఉన్న ఏడాది మాత్రం వరంగల్, కాజీపేట స్టేషన్లు మాఘమాసంలో కిటకిటలాడతాయి. ఆ వారం తప్పించుకుని టికెట్లు తీసుకోవాలి.

అలల లెక్క

నెల బాగున్నంత మాత్రాన రోజు బాగుంటుందని లేదు. అల ఎత్తు ఒక్కటే చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. ఒక అల శిఖరానికీ తర్వాతి అల శిఖరానికీ మధ్య ఎన్ని సెకన్లు పడుతుందన్నది అంతకన్నా ముఖ్యం. ఆ సెకన్లను అదే సంఖ్యతో హెచ్చవేసి, మళ్లీ 1.56తో హెచ్చవేస్తే లోతైన సముద్రంలో ఆ అల పొడవు మీటర్లలో వస్తుంది. ఆ పొడవులో సగం లోతు దాకా అల తన ఊపును చూపిస్తుంది. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లు, ఊపు 19 మీటర్ల లోతు దాకా. 12 సెకన్ల అల పొడవు దాదాపు 225 మీటర్లు, ఊపు 110 మీటర్లకు పైగా. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన తుపాను అలలు ఇలాంటి పొడవాటి ఉబ్బుగా వచ్చి, ఇక్కడ గాలి లేకున్నా అడుగు ఇసుకను లేపిపోతాయి. "సముద్రం ప్రశాంతంగానే ఉంది, నీళ్లేమో మురికిగా ఉన్నాయేంటి" అని తల గోక్కునే రోజులు ఇవే.

ఈ వివరాలు ఇచ్చే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అలల ఎత్తు, వాటి మధ్య సెకన్లు, గాలి, ప్రవాహం, పోటు-పాటు వేళలు, ఉప్పెన అలల హెచ్చరికలు అన్నీ ఇస్తుంది. బయల్దేరడానికి మూడు రోజుల ముందు చూడండి. అల అర మీటరు లోపు, వ్యవధి 8 సెకన్ల లోపు ఉంటే పోవచ్చు. అర మీటరు నుంచి మీటరు దాకా అయితే ఈత బాగా వచ్చినవాళ్లు, అదీ గైడ్ తోడుంటేనే. మీటరు దాటితే ఒడ్డున కూర్చుని ముంత మసాలా తినడమే మేలు.

పోటు-పాటు సంగతి మన పంచాంగం కూడా చెబుతుంది. అమావాస్య, పౌర్ణములకు విశాఖలో సముద్రం మట్టం ఒకటిన్నర మీటరు దాకా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, నీళ్ల కదలిక ఎక్కువ, మసకా ఎక్కువే. అష్టమి మొదలుకొని దశమి దాకా ఆ తేడా బాగా తగ్గుతుంది. వీలైతే ఆ తిథులు చూసుకోండి. పోటు ఎక్కుతున్నప్పుడు లోపలి సముద్రపు తేట నీళ్లు ఒడ్డుకు వస్తాయి, పాటు దిగుతున్నప్పుడు ఒడ్డు మురికి లోపలికి పోతుంది. కాబట్టి పోటు నిండడానికి గంటన్నర ముందు నీళ్లలో ఉండాలి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఇవాళ 8 గంటలకు నిండితే రేపు 8.50 ప్రాంతంలో నిండుతుంది.

ఇక గడియారం. పదకొండు ప్రాంతంలో నేల వేడెక్కి సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది, నీటి మీద ముడతలు పడతాయి. తెల్లవారుజామునే దిగినా లాభం లేదు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు వెలుగు నీటి మీద పడి జారిపోతుంది, లోపలికి దిగదు. ఏడున్నర నుంచి పది దాకా ఉన్న రెండున్నర గంటలే అసలు సమయం.

ఎక్కడెక్కడ

రుషికొండ నుంచి మొదలుపెట్టడం న్యాయం. 2020లో దేశంలో మొదటి విడతగా బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చిన 8 బీచ్‌లలో ఇదొకటి. లైఫ్‌గార్డులు, స్నానాల గదులు, పడవలు, అద్దెకు సామాను ఉంటాయి. అయితే స్నానాలు చేసే మేర అంతా ఇసుక. ఇసుక మీద చేపలు నిలవవు, వాటికి దాక్కోవడానికి రాయి కావాలి. ఒడ్డు నుంచి నడిచి దిగి ఏదో కనబడుతుందనుకుంటే నీళ్లే కనబడతాయి. మాస్కు అలవాటు చేసుకోవడానికి రుషికొండ ఒడ్డు, చేపలు చూడటానికి పడవ మీద రాళ్ల దగ్గరికి. ఈ రెండూ వేరువేరు పనులు.

రుషికొండ దాటి భీమిలి దారిలో తొట్లకొండ కింద మంగమారిపేట. సహజ శిలా తోరణం ఉన్న చోటు. పాటు దిగినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి చిన్న చేపలు, పీతలు, పువ్వుల్లాంటి సీ అనిమోన్‌లు కనబడతాయి. పిల్లలకు నడుం లోతు కూడా అక్కర్లేకుండా సముద్ర జీవాలను చూపించాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదని మా అభిప్రాయం. రాళ్ల బయటి అంచు మాత్రం వేరే లోకం. అక్కడ అల మనిషిని ఎత్తి రాతికేసి కొడుతుంది. రాతినిండా ఆలుచిప్పలు, రాతికి అతుక్కుని పెరిగే బార్నకిల్స్ కత్తుల్లా ఉంటాయి. అలల మధ్య 6 సెకన్లున్నా ఆ అంచుకు పోవద్దు.

ఇంకా పైకి పోతే భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఏటి ముఖం దగ్గర నీళ్లు ఎప్పుడూ మసకే, వాన పడితే చెప్పనక్కర్లేదు. భీమిలికి పోయే దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వానకు కరిగిన ఎర్రమట్టి వాగుల వెంట సముద్రంలోకి దిగుతుంది. వాన వెలిశాక కనీసం మూడు, నాలుగు రోజులు ఈ మేర వదిలేయాలి.

చింతపల్లి పేరు చాలామంది చెబుతారు. ఇక్కడో హెచ్చరిక: ఫోన్ మ్యాప్‌లో ఉత్త చింతపల్లి అని కొడితే లంబసింగి పక్కన కొండల్లోని చింతపల్లికి దారి చూపించవచ్చు. అక్కడ చలి దొరుకుతుంది, సముద్రం దొరకదు. మనకు కావాల్సింది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి బీచ్, లైట్‌హౌస్ ఉన్నది. విశాఖ నుంచి ఉత్తరంగా 50 కిలోమీటర్లు దాటుతుంది. తీరానికి దూరంగా నీళ్లలో మునిగిన రాళ్లు ఓడలకు ప్రమాదమనే అక్కడ లైట్‌హౌస్ వెలిసింది. ఓడలకు గండమైన రాళ్లే చేపలకు ఇల్లు. కాకపోతే అది పడవ మీద పోయే చోటు, ప్రధానంగా స్కూబాకు అనువైనది. పళ్లెం లెక్క 6 మీటర్లు దాటిన రోజునే స్నార్కెల్‌తో దిగడంలో అర్థం ఉంది.

దక్షిణం వైపు పూడిమడక దగ్గరా రాళ్లున్నాయి, కానీ సౌకర్యాలు తక్కువ. స్థానిక మత్స్యకారుల తోడు లేకుండా పోవద్దు. యారాడ చూడటానికి ఎంత అందమో దిగడానికి అంత ప్రమాదం. ఆర్కే బీచ్‌లో అలల లాగుడు, నగరపు మురుగు రెండూ ఉన్నాయి. జలాంతర్గామి మ్యూజియం చూసి రండి, నీళ్లలోకి వద్దు. హార్బర్ ముఖం, నౌకాదళం పరిధిలోని తీరం అసలే నిషిద్ధం.

ఏం కనబడుతుందన్న దాని మీద కూడా ఆశ అదుపులో ఉండాలి. విశాఖ తీరంలో ఉన్నది తూర్పు కనుమల రాయి, పగడాల దిబ్బ కాదు. ఆ రాయి మీద స్పాంజీలు, మెత్తటి పగడాలు, చుట్టూ చారల చేపలు, సీతాకోకచిలుక చేపలు, పఫర్ చేపలు, అదృష్టం బాగుంటే రాతి సందులోంచి తొంగిచూసే పాములాంటి చేప మోరే ఈల్ ఉంటాయి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఎదురైతే కదలకుండా తేలండి, వెంటబడొద్దు.

ప్రయాణం

వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దింపుతుంది. 2023 జనవరి నుంచి నడుస్తున్న సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది. గోదావరిలో పోయేవాళ్లు చేసే తప్పు ఒకటే: స్టేషన్ నుంచి నేరుగా బీచ్‌కు ఆటో ఎక్కడం. నిద్ర లేదు, కడుపులో టీ తప్ప ఏమీ లేదు, పడవ ఊగుతుంది. అర్ధగంటలో వాంతులు. మొదటి రోజు నీళ్లు చూడటానికి, మాస్కు కొలతకు, పోటు వేళలు కనుక్కోవడానికి వాడుకోండి. దిగేది రెండో రోజు పొద్దున. మూడో రోజు చేతిలో ఉంచుకోండి, రెండో రోజు సముద్రం ఒప్పుకోకపోతే అదే దిక్కు. అదీ కుదరకపోతే బొర్రా గుహలున్నాయి.

తిప్పేవాళ్లను డబ్బు కట్టకముందే నాలుగు మాటలు అడగాలి. ఒక గైడ్‌కు ఎంతమంది? నలుగురికి మించితే వద్దు. గైడ్ మాతో నీళ్లలోకి దిగుతాడా, పడవలో కూర్చుంటాడా? పడవకు నిచ్చెన ఉందా? నీళ్లు మసకగా ఉంటే డబ్బు వాపసు ఇస్తారా, ఇంకో రోజుకు మారుస్తారా? నిచ్చెన మాట చిన్నదిగా కనిపిస్తుంది. అలసిపోయిన మనిషి, తడిసిన లైఫ్ జాకెట్‌తో, ఊగే పడవ అంచు పట్టుకుని పైకెక్కడం ఎంత కష్టమో ఎక్కినప్పుడే తెలుస్తుంది.

మాస్కు, గొట్టం, ఫిన్స్

అన్నింటికన్నా ముందు మాస్కు. తలకు పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, చేతులు వదిలేయండి. మాస్కు పడిపోకుండా అతుక్కుంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. జారితే వేరేది చూడండి, పట్టీ బిగించి సరిచేద్దామనుకోవద్దు. అతిగా బిగిస్తే సిలికాన్ అంచు మడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది. మీసం దట్టంగా ఉన్నవాళ్లకు ముక్కు కింద నీళ్లు చొరబడతాయి. మీసం పైఅంచు కాస్త గొరిగించుకుంటే చాలు, మొత్తం తీయాల్సిన పని లేదు. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా కారుతూనే ఉంటుంది.

కొత్త మాస్కు అద్దం మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది. దాంతో ఆవిరి పట్టి ఏమీ కనబడదు. గట్టి గాజు అద్దమైతే జెల్ కాని తెల్ల టూత్‌పేస్టుతో లోపలి వైపు రెండు, మూడుసార్లు రుద్ది కడగాలి. ప్లాస్టిక్ అద్దానికి ఈ పని చేస్తే గీతలు పడతాయి. దిగేముందు చుక్క బేబీ షాంపూ, అది లేకపోతే ఉమ్మి రాసి ఒకసారి తొలిపి పెట్టుకోండి. కళ్లజోడు వాళ్లకు పవర్ అద్దాలున్న మాస్కులు దొరుకుతాయి. నీళ్లలో ఏ వస్తువైనా ఉన్నదానికన్నా నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనబడుతుంది కాబట్టి తక్కువ పవర్ వాళ్లు మామూలు మాస్కుతో నెట్టుకురావచ్చు.

ముఖమంతా కప్పే మాస్కులు చూడటానికి సుఖంగా ఉంటాయి, మేం మాత్రం వద్దంటాం. నాసిరకం వాటిలో వదిలిన గాలి లోపలే తిరిగి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అన్నింటిలోనూ ఉన్న ఇబ్బంది ఏమిటంటే, కంగారు పుట్టినప్పుడు ఒక్క ఊపులో తీయడం కష్టం. మామూలు గొట్టమైతే నోరు తెరిస్తే చాలు.

గొట్టం పొడవు 38 సెంటీమీటర్లకు మించకూడదు. ఇందులో రెండు లెక్కలున్నాయి. మనిషి మామూలుగా ఒకసారి పీల్చే గాలి అర లీటరు. అందులో 150 మిల్లీలీటర్లు గొంతు, శ్వాసనాళాల్లోనే నిలిచిపోతుంది. గొట్టంలో ఇంకో 150 నుంచి 200 దాకా పాత గాలి ఉంటుంది. మిగిలింది 150 నుంచి 200. కంగారుగా చిన్నచిన్న ఊపిరులు తీస్తే ఊపిరితిత్తులకు కొత్త గాలి అందదు. అందకపోతే ఆయాసం, ఆయాసంతో ఇంకా చిన్న ఊపిరులు. నీళ్లలో భయం పుట్టే దారి ఇదే. మందు కూడా ఇక్కడే ఉంది: నెమ్మదిగా, నిండుగా పీల్చి, నిండుగా వదలడం. రెండో లెక్క నీటి బరువు. మీటరు లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. రొమ్ము విస్తీర్ణానికి లెక్కేస్తే క్వింటాలు బియ్యం బస్తా. అందుకే పీవీసీ పైపు జోడించి లోతుకు పోదామన్న ఆలోచన ప్రాణాంతకం.

ఫిన్స్ పాదానికి బిగువుగా, వేళ్లు కదిలేంత వదులుగా ఉండాలి. మోకాలి నుంచి కాదు, తుంటి నుంచి కాలు ఆడించాలి. ఫిన్స్ వేసుకుని ఒడ్డున నడవాల్సి వస్తే వెనక్కి నడవండి. ఒంటికి నిండు చేతుల స్విమ్మింగ్ చొక్కా వేసుకుంటే వీపు కాలదు. గంటసేపు బోర్లా తేలినవాళ్లకు ఆ రాత్రి వెల్లకిలా పడుకోవడం ఎంత నరకమో వర్ణించనక్కర్లేదు. జనవరి, ఫిబ్రవరిలో నీటి వేడి 25, 26 డిగ్రీలే, 40 నిమిషాలకు వణుకు మొదలవుతుంది. పెదవులు నల్లబడకముందే బయటికి రావాలి.

సాధన ఇంటి దగ్గరే

చెరువుల్లో చేద్దామంటే పనికాదు. తేటపడినా నాచు, తూటికాడ, పాత వలలు, పాకాలలో మొసళ్లు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గుంతల్లో నీళ్లు నీలంగా మెరుస్తూ పిలుస్తాయి, అంచు నుంచి అడుగు వేస్తే నేరుగా అగాధం. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఈత కొలనులో నాలుగైదు రోజులు చేస్తే సరిపోతుంది.

రొమ్ము లోతులో నిలబడి, ముఖం నీళ్లలో పెట్టి పది నిమిషాలు గొట్టంతో ఊపిరి తీయండి. తర్వాత కావాలనే మాస్కులోకి నీళ్లు రానిచ్చి, పైఅంచు నుదుటికి నొక్కి, తల కాస్త ఎత్తి ముక్కుతో గాలి వదలండి, నీళ్లు కింది అంచు నుంచి పోతాయి. గొట్టంలో నీళ్లు చేరితే "తూ" అన్నట్టు ఒక్కసారి బలంగా ఊదాలి. మెల్లగా ఊదితే సగం నీళ్లు మిగిలి తర్వాతి ఊపిరితో గొంతులోకి పోతాయి. ఆగకుండా 200 మీటర్లు ఈది, ఏదీ పట్టుకోకుండా 10 నిమిషాలు తేలగలిగితే సముద్రానికి సిద్ధమైనట్టే. అంతవరకు రాకపోతే లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ లాక్కుపోయే రింగు పట్టుకుని చూడండి, అందులో సిగ్గేమీ లేదు.

వ్యవసాయ బావుల్లో బెండ్లు కట్టుకుని ఈత నేర్చినవాళ్లు మన దగ్గర చాలామంది. మునగడంలో వాళ్లకు సాటి లేరు. సముద్రంలో వాళ్లకు రెండు కొత్త సంగతులు ఎదురవుతాయి. ఉప్పు వల్ల ఒళ్లు ఎక్కువ తేలుతుంది, మునగడం కష్టం. రెండోది, బావికి గోడ ఉంటుంది, ఎటు పోయినా పట్టు దొరుకుతుంది. సముద్రంలో నీళ్లే మనల్ని మోసుకుపోతాయి.

ఏం బెడిసికొడుతుంది

అలా మోసుకుపోయేదే రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఒక సన్నటి దారి వెంట లోపలికి తిరిగిపోవడం. పక్కల అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయ నున్నగా, ఇసుక రంగులో, నురగ లోపలికి పోతూ కనబడుతుంది. కొత్తవాళ్లు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కితే ఒడ్డు వైపు ఈదొద్దు, ఎంతటి ఈతగాడూ దాన్ని గెలవలేడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటి అప్పుడు ఒడ్డుకు రావాలి. శక్తి లేకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి.

అరవకుండా, కొట్టుకోకుండా జరిగే ప్రమాదం ఇంకా చెడ్డది. హవాయి దీవుల్లో స్నార్కెల్ మరణాలను పరిశీలించినప్పుడు చాలామంది నిలబడగలిగే లోతులోనే, పెనుగులాట లేకుండా పోయారని తేలింది. ఇరుకు గొట్టంతో బలంగా గాలి లాగడం వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరడం ఒక కారణమని అక్కడి పరిశీలకుల అనుమానం. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే పోవాలి. శ్రమకు మించిన ఆయాసం అనిపిస్తే గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, వెంటనే బయటికి. ఇద్దరేసి దిగాలి, ఒకరినొకరు నిమిషానికోసారి చూసుకోవాలి. మునిగి చూద్దామనుకునేవాళ్లు ముందు గబగబా పది, పదిహేను ఊపిరులు తీసే అలవాటు మానాలి. దాంతో శరీరం ఇచ్చే హెచ్చరిక ఆలస్యమై నీళ్లలోనే స్పృహ తప్పుతుంది.

జెల్లీఫిష్ తగిలితే మంచినీళ్లు పోయకూడదు, రుద్దకూడదు. సముద్రపు నీటితో కడిగి, పట్టకారుతో తీగలు మెల్లగా తీసి, ఒళ్లు ఓర్చుకునేంత వేడి, అంటే 45 డిగ్రీలకు మించని నీళ్లలో 20 నిమిషాలకు పైగా ఉంచాలి. ముళ్ల బంతిలాంటి సీ అర్చిన్ ముల్లు, లయన్ ఫిష్ ముల్లు గుచ్చుకున్నా వేడి నీళ్లే మొదటి మందు. ఊపిరి ఇబ్బంది కనిపిస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి. సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093.

పగడాలే కావాలంటే

విశాఖతో తృప్తి పడనివాళ్లకు దారి శంషాబాద్ నుంచి విమానం. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి పేరు శ్రీ విజయపురం, స్నార్కెలింగ్ విషయంలో వేరే తరగతి. పెద్ద నదులేవీ లేవు, ఒండ్రు లేదు, చూపు 15 మీటర్లు దాటే రోజులు మామూలే. ఉత్తరాంధ్ర నుంచి పోయి స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ చాలామంది, భాష ఇబ్బంది కూడా ఉండదు. వండూరు నుంచి పడవ మీద పోయే జాలీబాయ్ దీవి 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులో ఉంది. ఏడాదంతా తెరవరు. అది మూసిన నెలల్లో రెడ్‌స్కిన్ దీవికి పంపుతారు, సోమవారం సెలవు, ప్లాస్టిక్ సంచి కూడా పడవ ఎక్కనివ్వరు. టికెట్లు కొనేముందు ఆ నెలలో ఏ దీవి తెరిచి ఉంటుందో కనుక్కోవాలి. స్వరాజ్ ద్వీపంలోని (పాత పేరు హావ్‌లాక్) ఎలిఫెంట్ బీచ్ కొత్తవాళ్లకు బాగుంటుంది, జనం కూడా అంతే. మడ అడవుల దగ్గర ఉప్పునీటి మొసళ్ల బోర్డు కనబడితే అది అలంకారానికి పెట్టింది కాదు.

పగడం మీద నిలబడకూడదు. రాయిలా కనిపించేది ప్రాణి, ఫిన్ తగిలితే ఏళ్ల పెరుగుదల విరిగిపోతుంది. విరిగిపడి ఉన్న ముక్కనైనా ఇంటికి తెచ్చుకుందామనిపిస్తుంది. గట్టి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులో పులితో సమానమైన రక్షణ ఉంది. విమానాశ్రయం తనిఖీలో సంచిలో దొరికితే దండుగ కట్టి బయటపడే వ్యవహారం కాదు.

ఇంటికి తెచ్చుకోవాల్సింది మీ మాస్కే. మంచినీళ్లలో ఒక గంట నానబెట్టి, అంచుల్లోని ఇసుక పోయేలా కడిగి, నీడలో ఆరబెట్టి డబ్బాలో దాచండి. మన ఎండాకాలంలో కారు డిక్కీలో వదిలేస్తే సిలికాన్ అంచు వంకర తిరుగుతుంది. వచ్చే పుష్యమాసంలో ముఖానికి పెట్టి చూసుకుంటే నీళ్లు కారుతుంటాయి.